వార్షిక నివేదిక 2024–25: లోహాల పని, పురుషుల్లో సంతానలేమి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది వేడుకలు, విద్యార్థులకు పుస్తకాల పంపిణీ, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే సక్రమంగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాము. ఈ నివేదికలో ఆరోగ్య ఉపసంఘం పని గురించే ఎక్కువగా రాస్తున్నాము.

బెంగళూరులో పీణ్య పారిశ్రామికవాడలో లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్లలోను, నగర్త్‌పేట నగల కార్ఖానాల్లోను, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్లలోను అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లలు కలగని జంటలు సలహా కోసం వచ్చినప్పుడు, భార్యకు చేయించిన స్కానింగులు, హార్మోన్ పరీక్షల కాగితాలు కట్టలుగా తెస్తారు గాని, భర్తకు ఒక్క వీర్యపరీక్షైనా చేయించిన దాఖలా చాలాసార్లు ఉండదు. సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యశాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్నా, నింద ఇంకా ఆడబిడ్డ మీదే పడుతోంది. ఇది అన్యాయమని సంఘం స్పష్టంగా చెబుతోంది.

సీసం పొగగా, ధూళిగా ఒంట్లో చేరుతుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సంకేతాలను, పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్ తయారీని దెబ్బతీయడమే కాక, వీర్యకణంలో జన్యుపదార్థం బిగువుగా ఉండడానికి తోడ్పడే జింకు స్థానంలో తానే చేరుతుంది. రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 40 మైక్రోగ్రాములు దాటిన కార్మికుల్లో వీర్యకణాల సంఖ్య తగ్గినట్టు పలు అధ్యయనాలు చూపాయి. 5 మైక్రోగ్రాములకు చేరినా సరే, అది ఎక్కడినుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాలు ఉండిపోతుంది. షెడ్డులో వేసుకున్న చొక్కాను ఇంట్లో పసివాళ్ల బట్టలతో కలిపి నానబెడితే ఆ ధూళి వాళ్లకూ చేరుతుంది.

నగర్త్‌పేటలో ఒక సభ్యుని కార్ఖానాను ఉపసంఘం చూసింది. కిటికీ లేని గదిలో నలుగురు పక్కపక్కనే కూర్చుని, మంట మీదకు వంగి టంకం వేస్తున్నారు. కేడీఎం అని మనం పిలిచే టంకంలో కలిపేది కాడ్మియం. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరిగితే, కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది కనుక, ఆ పొగ నేరుగా పనివాడి ముక్కులోకే పోతుంది. జంతువులపై ప్రయోగాల్లో ఇది వృషణాలను తీవ్రంగా దెబ్బతీసింది. మనుషుల విషయంలో ఆధారాలు అంత ఏకరీతిగా లేకపోయినా, సిగరెట్ తాగేవారికి పొగాకు ద్వారా కూడా కాడ్మియం చేరుతుంది కాబట్టి జాగ్రత్త రెట్టింపు కావాలి. ఆ సభ్యుడు కాడ్మియం లేని టంకానికి మారారు, గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. వారికి కృతజ్ఞతలు.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. పిల్లలు కలగాలని కొందరు వైద్యుని చీటీ లేకుండా ఆయుర్వేద భస్మాలు కొని వాడుతున్నారు. నాగభస్మం సీసంతో, మకరధ్వజం పాదరసంతో తయారవుతాయి. పని చోట సీసం పీల్చేవాడు ఇంటికొచ్చి మళ్లీ సీసమే మింగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఒంట్లో లోహాలు కడిగేస్తామనే మందులు కూడా వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడవద్దు.

వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే లోహానికి దూరమైన మూడు నెలలకు పరీక్ష మళ్లీ చేయించుకుంటే మార్పు తెలిసే అవకాశం ఉంటుంది. సీసం విషప్రభావం చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు డాక్టరుకు తాము చేసే పనిని వివరంగా చెప్పి, రక్తంలో సీసం పరీక్ష గురించి అడగాలి.

వచ్చే ఏడాది లోహాల పనిలో ఉన్న సభ్యులకు రక్తపరీక్ష, వీర్యపరీక్షల ఖర్చులో కొంత భాగం సంఘం భరించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఫలితాలు పరీక్ష చేయించుకున్న వ్యక్తికే అందుతాయి. కార్యవర్గ సభ్యులకు సైతం చూపబడవు. ఈ ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ఆమోదించవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి