వదినగారి అమ్మాయి విషయం

ఒసేయ్ బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నప్పట్నుంచీ ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. మీ వదినగారి అమ్మాయి ఇక్కడ అమెరికాలో మొగుడి చేతిలో అంత నరకం పడుతుంటే ఇంట్లోవాళ్ళు ఇంకా "సర్దుకుపో తల్లీ" అంటున్నారా? ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే వివరంగా రాస్తున్నా. వదినకు చదివి వినిపించు.

"నా వల్లే నీకు గ్రీన్‌కార్డు, నోరెత్తితే పిటిషన్ వెనక్కి తీసుకుని ఇండియా పంపించేస్తా" అంటున్నాడు కదా అతను, ఆ మాటకు భయపడొద్దని చెప్పు. అతను అమెరికా సిటిజన్. హింసించే సిటిజన్ భర్తతో పనిలేకుండా భార్యే సొంతంగా పిటిషన్ పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళపై హింసను ఆపడానికి 1994లో వచ్చిన వావా చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఫారం ఐ-360 నింపాలి. దానికి ఫీజు లేదు, అతని సంతకం అక్కర్లేదు. పిటిషన్ పెట్టినట్టు ఇమిగ్రేషన్ వాళ్ళు అతనికి చెప్పకూడదని చట్టంలోనే ఉంది. మీ వాళ్ళెవరూ ఆవేశపడి అతనికి ఫోన్ చేసి "కేసు వేస్తున్నాం" అనకుండా చూడు, దండం పెడతా.

ఒంటి మీద దెబ్బలుంటేనే చెల్లుతుందనుకోకండి. డెబిట్ కార్డు లాక్కోవడం, కూరగాయల రసీదు కూడా చూపించమనడం, పాస్‌పోర్టు దాచేయడం, పంపించేస్తానని రోజూ బెదిరించడం, ఇవన్నీ కలిపి క్రూరత్వం కిందికే రావచ్చు. కాకపోతే నిజంగా కాపురం చేద్దామనే పెళ్ళి చేసుకున్నానని కూడా రుజువు చూపించాలి. అక్కడే మీరు పనికొస్తారు. శుభలేఖ, తలంబ్రాల ఫొటోలు, రిజిస్ట్రార్ ఆఫీసు మ్యారేజ్ సర్టిఫికెట్ తీసి ఉంచండి. ఇద్దరి పేర్ల మీదున్న అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు ఇక్కడ అమ్మాయి చూసుకుంటుంది. వదిన ఫోన్లో అమ్మాయి ఏడుస్తూ పంపిన మెసేజ్‌లు ఉంటాయి కదా, స్టోరేజీ నిండిందని ఒక్కటి కూడా చెరిపేయనివ్వకు. తేదీలతో సహా ఉన్న ఆ మెసేజ్‌లు చాలా విలువైనవి. వదిన తను విన్నదీ చూసిందీ అఫిడవిట్‌గా రాసివ్వొచ్చు, దాన్ని ఇంగ్లీషులోకి నేను మార్చిపెడతా. ఇక్కడ మనవాళ్ళకు నేను చేస్తున్నది ఆ పనే.

ఇవన్నీ తర్వాత. ముందు ప్రాణం. మా న్యూజెర్సీలో కౌంటీ కోర్టుకు వెళ్తే మామూలుగా ఆరోజే తాత్కాలిక రిస్ట్రైనింగ్ ఆర్డర్, అంటే అతను ఆమె జోలికి రాకూడదనే కోర్టు ఆదేశం, ఇస్తారు. రాత్రయితే పోలీసులకు చెప్పాలి. పైసా కట్టక్కర్లేదు, వీసా ఏదైనా అడగొచ్చు. అద్దె కాగితం అతని పేరున ఉన్నా సరే, అతన్నే ఇంట్లోంచి వెళ్ళమని జడ్జి ఆదేశించొచ్చు. పది రోజుల్లో తుది విచారణ పెడతారు. ఆరోజు పక్కన లాయరుంటే మంచిది. 1985 నుంచి మానవి అనే సంస్థ ఇక్కడ మనలాంటి దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం పనిచేస్తోంది, వాళ్ళను అడిగితే దారి చూపిస్తారు. కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకున్న వాళ్ళ దగ్గరికి మాత్రం పంపొద్దు.

ఆలస్యమవుతుంది, అబద్ధం చెప్పను. పిటిషన్ తేలడానికి ఏళ్ళు పట్టొచ్చు. పిటిషన్ పెట్టకముందే విడాకులైతే, ఆ తర్వాత రెండేళ్ళలోపు పెట్టేయాలి. అప్రూవల్ రాకముందు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పోతుంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక, భర్త సిటిజన్ కాబట్టి, మూడేళ్ళకే సిటిజన్‌షిప్‌కు అప్లై చేసుకోవచ్చు. అతనితో కలిసి ఉండాలన్న షరతు ఆమెకు వర్తించదు.

అదే భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదుంటే ఈ పిటిషనే కుదరదు. అలాంటివాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీదున్న భార్య పని చేసుకునేందుకు పర్మిట్ అడగొచ్చు, పోలీసులకు సహకరిస్తే నేరాల బాధితులకిచ్చే యూ వీసాకు పెట్టుకోవచ్చు. అవి ఏడాదికి 10,000 మించి ఇవ్వరు, క్యూ ఎక్కడుందో నువ్వే ఊహించుకో. నా దగ్గరికొచ్చే మన తెలుగు పిల్లలు చాలామంది ఆ హెచ్-4లోనే ఇరుక్కుని ఉంటారు. వాళ్ళను చూస్తే కడుపు రగిలిపోతుందే.

అమ్మాయిని నాకు ఫోన్ చేయమను, తన ఫోన్ నుంచి మాత్రం వద్దు. దాని బిల్లు అతనే కడుతున్నాడు, ఎవరికి చేసిందో చూసేస్తాడు. ఆఫీసులో ఎవరి ఫోనైనా అడిగి చేయమను. అర్ధరాత్రయినా సరే, ఎత్తుతా.

నీ,
సీతాలు