తూటా సరిగా ఎక్కని మూడు రైఫిళ్ళ గురించి మా ఖాతాదారులకు వివరణ

వరంగల్, హనుమకొండ, నర్సంపేట, పరకాల ప్రాంతాల నుంచి ఆయుధ లైసెన్సు ఉన్నవారు ఎందరో మా బాపు కాలం నుంచీ తమ తుపాకులను మా దుకాణానికే తెచ్చి బాగు చేయించుకుంటున్నారు. ఆ నమ్మకం మీద బతుకుతున్న దుకాణం కాబట్టి ఒక విషయాన్ని దాచకుండా మీ ముందు పెట్టవలసి ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల తర్వాత మేము శుభ్రం చేసో, మరమ్మతు చేసో అప్పగించిన .315 బోర్ బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళలో మూడు, మేగజైన్ అనే రేకు డబ్బాలో నింపిన తూటా, గొట్టం వెనుక కొసన అది పేలే చోటైన చాంబర్‌లోకి సరిగా ఎక్కడం లేదన్న ఫిర్యాదుతో తిరిగి మా దగ్గరికే వచ్చాయి. మూడింటిలోనూ పొరపాటు మాదే.

ఆ పొరపాటు అర్థం కావాలంటే ముందు తూటా ఎలా ఎక్కుతుందో తెలియాలి. బోల్టును, అంటే చేత్తో వెనక్కీ ముందుకూ ఆడించే లోహపు భాగాన్ని, పూర్తిగా వెనక్కి లాగినప్పుడు మేగజైన్ అడుగున ఉన్న స్ప్రింగు, దాని మీద ఉండే ఫాలోవర్ అనే పలక కలిసి తూటాలను పైకి నెడతాయి. అన్నిటికన్నా పైనున్న తూటాను మేగజైన్ పై అంచులు, అంటే మేము లిప్పులు అని పిలిచే రేకు మడతలు, రెండు వైపులా పట్టి ఆపుతాయి. బోల్టును ముందుకు తోసినప్పుడు దాని ముఖం కింది భాగం ఆ తూటా వెనుక అంచును నెట్టగా, తూటా ముక్కు చాంబర్ ముందున్న ఏటవాలు మెట్టు మీదుగా పైకి జారి చాంబర్‌లోకి వెళ్తుంది. ఆ లిప్పులు ఉండవలసిన దానికన్నా దగ్గరగా మూసుకుపోతే తూటా తగినంత పైకి రాక బోల్టు దాని మీదుగా జారిపోతుంది, లేదా ముక్కు కిందికి వాలి మెట్టుకు గుద్దుకుంటుంది. ఎక్కువగా తెరుచుకుంటే తూటా వేళ కాకముందే పైకి లేచి చాంబర్ పై అంచుకు తగిలి ఇరుక్కుంటుంది. రైఫిల్‌లో లోపం ఉందని మనం అనుకునే సందర్భాల్లో చాలా వాటికి మూలం ఈ చిన్న రేకు డబ్బాలోనే ఉంటుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే .315 స్పోర్టింగ్ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ నమూనాను అనుసరించినది. ఆ వంశపు రైఫిళ్ళ మేగజైన్ ఊడి వచ్చేదే అయినా, ఒక రైఫిల్‌ది ఇంకొక దానికి నేరుగా సరిపోతుందన్న హామీ ఏమీ లేదు. అందుకే లిప్పులను ఏ రైఫిల్‌కు ఆ రైఫిల్‌తో సరిచూసి అమర్చడం మొదటి నుంచీ ఆయుధకారుల పద్ధతి. ఇది మా బాపు నాకు మొదటి ఏడాదిలోనే నేర్పిన పాఠం. తెలిసి కూడా తప్పు జరగనిచ్చాను కాబట్టే ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది.

ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చినప్పుడు లైసెన్సుదారులు తమ ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేస్తారన్నది మీకు తెలిసినదే. ఆ వేసవిలో మా దగ్గర ఉంచిన రైఫిళ్ళను, జూన్‌లో తిరిగి ఇచ్చే ముందు, అడగకపోయినా శుభ్రం చేసి ఇద్దామనుకున్నాము. ఒకే రకం రైఫిళ్ళ మేగజైన్లను ఊడదీసి ఒకే పళ్ళెంలో కిరసనాయిలు పోసి కడిగాము. వాటికి గుర్తు చీటీలు కట్టలేదు. ఆ హడావుడిలో రెండు రైఫిళ్ళ మేగజైన్లు తారుమారయ్యాయి. రెండూ బిగించినప్పుడు టక్కున కూర్చున్నాయి, ఖాళీగా బోల్టు ఆడించి చూస్తే ఏ తేడా కనబడలేదు, మేము సంతకం పెట్టించుకొని అప్పగించాము. డమ్మీ తూటాలు, అంటే మందు లేని ఉత్తుత్తి తూటాలు, నింపి ఒక్కసారి ఎక్కించి చూసి ఉంటే ఆ రోజే బయటపడేది.

ఆ ఇద్దరిలో మొదట వచ్చిన పెద్దమనిషి, నాలుగో తూటా దగ్గర ప్రతిసారీ ఇరుక్కుంటోందని చెప్పారు. నేను స్ప్రింగు బలహీనపడిందని నిర్ణయించి కొత్తది వేసి డబ్బు తీసుకున్నాను. పది రోజుల తర్వాత ఆయన అదే ఫిర్యాదుతో మళ్ళీ వచ్చారు. అప్పుడు డమ్మీ తూటాల ముక్కులకు నల్ల స్కెచ్ పెన్ రంగు పూసి ఒక్కొక్కటిగా మెల్లగా ఎక్కించి చూశాను. రంగు ఎక్కడ గీసుకుపోయిందో చూస్తే తూటా ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ముక్కు పైభాగం మీద, చాంబర్ అంచు తాకిన చోట, స్పష్టమైన గీత కనబడింది. అంటే స్ప్రింగు బలహీనం కాదు, లిప్పులు ఎక్కువగా తెరుచుకొని ఉన్నాయి. మేగజైన్ ఆ రైఫిల్‌ది కాదన్న అనుమానం అప్పుడు కలిగింది. రిజిస్టరు తీసి, రెండో యజమానికి ఫోన్ చేసి పిలిపించి, రెండు మేగజైన్లనూ మార్చి పెట్టగానే రెండు రైఫిళ్ళూ డమ్మీ తూటాలను వరుసగా, తడబడకుండా తీసుకున్నాయి. లిప్పులను మేము వంచలేదు, మెట్టును ఆకురాయితో ముట్టలేదు. రాపిడి చేసిన లోహం తిరిగి రాదు కాబట్టి ఆ పని చివరి ప్రయత్నంగా తప్ప చేయకూడదు.

మూడో రైఫిల్ కథ వేరు. డిసెంబరులో ములుగు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, తెల్లవారుజామున తూటాలు నెమ్మదిగా పైకి వస్తున్నాయని, మధ్యాహ్నం బాగానే ఉంటోందని చెప్పారు. ఆయన చెప్పిన మాటలోనే జవాబు ఉంది, నేను వినలేదు. ఆయనకూ స్ప్రింగే మార్చాను. ఆయన మళ్ళీ వచ్చాక మేగజైన్ లోపలంతా పరీక్షగా చూస్తే గోడలకు తెల్లగా పేరుకున్న కొబ్బరి నూనె కనబడింది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మన చలికాలపు తెల్లవారుజాములు అంతకన్నా చాలా చల్లగా ఉంటాయి. గడ్డకట్టిన నూనెలో ఫాలోవర్ అతుక్కొని ఆలస్యంగా లేస్తుంది, ఈలోగా బోల్టు తూటాను అందుకోకుండానే ముందుకు వెళ్ళిపోతుంది. దానికి తోడు పత్తి నూగు, ఎర్రమట్టి దుమ్ము ఆ జిడ్డుకు పట్టుకొని జిగురులా మారతాయి. దయచేసి తుపాకీకి కొబ్బరి నూనె గానీ, వంట నూనె గానీ వాడకండి. ఆయుధాల కోసం తయారైన పలుచని నూనెను గుడ్డతో పూసి, మిగిలిన తడిని తుడిచేస్తే చాలు. మేగజైన్ లోపల అయితే దాదాపు పొడిగా ఉండడమే మంచిది.

మీ వైపు నుంచి చూసుకోవలసినవి రెండు ఉన్నాయి. .315 తూటా వెనుక అంచు బయటికి పొడుచుకొని ఉంటుంది కాబట్టి, నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు వైపు ఉండాలి. అది వెనుకకు పడితే రెండూ ఒకదానికొకటి తగులుకొని, ఎంత బలంగా తోసినా కదలవు. రెండవది, తోలు బెల్టులో ఏళ్ళ తరబడి ఉంచిన తూటాల ఇత్తడి మీద పచ్చని చిలుము పడుతుంది, అవి చాంబర్‌లో బిగుసుకుంటాయి. అలాంటి వాటిని గీకి వాడకుండా డీలర్‌కు అప్పగించండి. తూటా సగంలో ఇరుక్కుంటే బోల్టును మోటుగా గుద్దకండి, కడ్డీతో పొడవకండి. ముఖ్యంగా, మొదటి తూటా చాంబర్‌లో ఉండగా బోల్టును వెనక్కి లాగి మళ్ళీ తోస్తే రెండో తూటా ముక్కు మొదటి తూటా అడుగుకు గుద్దుకునే ప్రమాదం ఉంది. గొట్టాన్ని మనుషులు లేని దిక్కుకు ఉంచి, వేలును ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, మేగజైన్ తీసివేసి, లోపలిది తేలికగా రాకపోతే అలాగే ఆపి మాకు ఫోన్ చేయండి.

ఆ ముగ్గురికీ తీసుకున్న డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాము, కొత్త స్ప్రింగుల ఖర్చు మేమే భరించాము. ఆ వేసవిలో మా దగ్గర రైఫిల్ డిపాజిట్ చేసి తీసుకువెళ్ళిన ప్రతి ఒక్కరినీ ఒకసారి తెచ్చి చూపించమని కోరుతున్నాము, పరీక్షకు ఏమీ తీసుకోము. ఇకపై మా దగ్గరికి వచ్చిన ప్రతి మేగజైన్‌కు, విప్పకముందే, ఆ రైఫిల్ నంబరు రాసిన చీటీ కడతాము. ఒక బల్ల మీద ఒక్క రైఫిలే ఉంటుంది. అప్పగించే ముందు మీ కళ్ళముందే ఐదు డమ్మీ తూటాలను మూడుసార్లు ఎక్కించి చూపిస్తాము. దీనివల్ల మునుపటి కన్నా రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు, అందుకు మన్నించాలి.

వచ్చేటప్పుడు లైసెన్సు పుస్తకం, రైఫిల్, దాని మేగజైన్ మూడూ తీసుకురండి, మేగజైన్ ఒక్కటే పంపితే మేము చేయగలిగింది ఏమీ లేదు. నిజమైన తూటాలను దుకాణానికి తేవద్దు, డమ్మీలు మా దగ్గరే ఉన్నాయి. రాలేని పరిస్థితిలో ఉంటే మరమ్మతు కోసం ఇంకొకరి చేత పంపడానికి 1959 ఆయుధాల చట్టం అవకాశం ఇస్తుంది, అయితే మీరు సంతకం చేసిన రాతపూర్వక అనుమతి వారి చేతిలో తప్పనిసరిగా ఉండాలి. ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు నేనే బల్ల దగ్గర ఉంటాను.