జనరేటర్ కొనేముందు దాని చోటు చూడమ్మా

చిట్టితల్లీ,

మీ బోటుకి కొందామని నువ్వు పంపిన ఫొటో చూశాను. ఎర్ర ఇనప ఫ్రేములో 3.5 కిలోవాట్ల జనరేటర్. "తక్కువకే వస్తోంది నాన్నా, సాయంత్రంలోగా చెప్పు" అని కింద రాశావు. సాయంత్రంలోగా చెప్పగలిగేది ఒక్కటే, వద్దు. ఎందుకు వద్దో ఫోన్లో చెబితే ఊ కొడుతూనే ఇంకో పని చూసుకుంటావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. రేపు దాన్ని మోయాల్సింది ఆయన కూడా కదా.

ఇంట్లో వాడుకునేవాళ్లు జనరేటర్‌ని వాట్లు చూసి కొంటారు. బోటు మీద అది చివరి లెక్క. అది ఎక్కడ కూర్చుంటుంది, దాని పొగ ఎటు పోతుంది, ఆపేశాక ఎక్కడ పడుకుంటుంది అన్నవి ముందు తేలాలి. నువ్వు చూసినలాంటివి నలభై కిలోలు దాటుతాయి. పైగా ఆ మామూలు రకం 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వాలంటే నిమిషానికి 3000 తిరుగుళ్లు తిరుగుతూనే ఉండాలి. నువ్వు ఒక్క ఫోన్ చార్జింగ్ పెట్టినా అదే రొద. ఇన్వర్టర్ రకం అలా కాదు. లోడు తగ్గితే ఇంజను కూడా నెమ్మదిస్తుంది, కరెంటు కూడా శుభ్రంగా వస్తుంది. ఉదాహరణకి హోండా ఈయూ2200ఐ తీసుకో. నిలకడగా 1800 వాట్లు, కాసేపు 2200 ఇస్తుంది. బరువు 21 కిలోల చిల్లర. ట్యాంకులో 3.6 లీటర్ల పెట్రోలు పడుతుంది, పావు లోడు మీద ఎనిమిది గంటలు, పూర్తి లోడు మీద మూడు గంటల పైచిలుకు నడుస్తుంది. అదే కొనమని కాదు, ఆ తరగతిది కొనమంటున్నాను. యమహాలో కూడా అలాంటివి ఉన్నాయి.

మీకు అంతకన్నా పెద్దది అక్కర్లేదని ఎలా చెబుతున్నానంటే, నువ్వు రాసిన సామాను జాబితా వేసి చూశాను. ఫ్రిజ్ కంప్రెసర్ రోజులో సగం సేపు తిరుగుతుందనుకున్నా 12 వోల్టుల మీద రోజుకి ఓ 50 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలోంచి ఎంత కరెంటు ఎంతసేపు తీశామన్న లెక్క). లైట్లు, నీళ్ల పంపు, ఇద్దరి ల్యాప్‌టాప్‌లు కలిపి ఇంకో 40. మొత్తం 90 అనుకుందాం. నిజానికి జనరేటర్ నడిపేది వీటిని కాదు, బ్యాటరీ చార్జర్‌ని. మీ 40 ఆంపియర్ల చార్జర్ 14.4 వోల్టుల దగ్గర ఇచ్చేది 576 వాట్లు, వృథా కలుపుకుంటే లోపలికి లాగేది 680 దాకా. పాతకాలపు చార్జర్ అయితే పవర్ ఫ్యాక్టర్ బాగోక, అంటే లాగిన కరెంటంతా పనికి రాక, జనరేటర్ మీద వెయ్యి వీఏ (వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చే లెక్క) దాకా భారం పడుతుంది. 1800 వాట్లకి అది సగం పనే.

ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం మర్చిపో. అది ఒక్కటే రెండు వేల వాట్లు తాగుతుంది, నీళ్లు గ్యాసు మీద కాచుకోండి. మైక్రోవేవ్ మీద 800 అని రాసి ఉంటే అది తిండికి అందే వేడి, లాగేది 1200 పైనే. కావాలంటే వాడుకోవచ్చు, ఆ కాసేపు చార్జర్ ఆపి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. లెడ్-యాసిడ్ బ్యాటరీ బాగా దిగిపోయి ఉన్నప్పుడు ఇచ్చిన కరెంటంతా తీసుకుంటుంది. ఎనభై శాతం దాటాక మొహమాటం మొదలవుతుంది, చివరి ఇరవై శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ చివరి గంటల్లో జనరేటర్ నడిపితే చెంచాడు కరెంటుకి చెంబుడు పెట్రోలు. అందుకే పొద్దున్నే, బ్యాటరీ అడుగంటి ఉన్నప్పుడు రెండు రెండున్నర గంటలు నడిపి ఆపేయండి. మిగతాది పైనున్న సోలార్ ప్యానెళ్లు మధ్యాహ్నానికల్లా నింపుతాయి. రాత్రి నడపవద్దు. పక్క బోటువాళ్ల నిద్ర ఒక కారణం, రెండోది ఇప్పుడు చెబుతాను.

నీకు ఎప్పుడూ చెప్పని ముచ్చట ఇది. నీ పుట్టుకకి ముందు నేను మరమ్మతు పనుల మీద నెలల తరబడి బోటులోనే ఉండేవాణ్ణి, నాతో ఇంకో కుర్రాడు. ఓ రాత్రి వాన పట్టుకుంది. జనరేటర్ తడుస్తోందని వెనక కాక్‌పిట్‌లోకి, అంటే క్యాబిన్ తలుపు బయట కూర్చునే చోటికి, జరిపి పైన టార్పాలిన్ కప్పాం. తలుపు జానెడు తెరిచే ఉంది, గాలి ఆడుతుందని ధైర్యం. గంట తర్వాత నాకు తలనొప్పి, కడుపులో తిప్పు. బోటు ఊగుతోంది కదా, అదేలే అనుకుని పడుకున్నాను. ఏదో మూల ఒక ఆలోచన గీరింది: వాన ఆగిపోయి చాలాసేపైంది, గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. బోటు ఊగడమే లేదు. మరి నాకెందుకు వాంతి వస్తోంది? లేచి నిలబడబోతే మోకాళ్లు నిలవలేదు. పాకుతూ వెళ్లి ముందువైపు హ్యాచ్, అదే డెక్ మీదకి తెరుచుకునే మూత తలుపు, తెరిచాను. ఆ కుర్రాణ్ణి లేపితే మాట ముద్దగా వచ్చింది, ఎలాగోలా డెక్ మీదకు లాక్కొచ్చాను. ఇంకో అరగంట నేను కూడా నిద్రపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడూ ఉండడు, చదివేదానివీ ఉండవు.

అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. మనకి వాసన వచ్చేది పొగలోని మిగతా సరుకు, అది లేకపోయినా ఇది ఉండొచ్చు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బయటి గాలిలోకి వచ్చాక కూడా సగం వదలడానికి నాలుగైదు గంటలు తీసుకుంటుంది. బోటులో అసలు దరిద్రమేమిటంటే దాని లక్షణాలూ సముద్రపు జబ్బు లక్షణాలూ ఒక్కటే. అమెరికాలో లేక్ పావెల్ అనే సరస్సు ఉంది. 2000 ఆగస్టులో అక్కడ హౌస్‌బోట్ వెనక ఈదుతూ ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, పోయారు. జనరేటర్ పొగ ఈత మెట్టు కిందకు వదిలేలా కట్టారు ఆ బోటుని. అంటే ఆరుబయట కూడా భరోసా లేదు, పొగ చిక్కుకునే సందు ఉంటే చాలు.

ఇప్పుడు చోటు సంగతి. లంగరు మీద ఉన్నప్పుడు బోటు ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. కాబట్టి వెనక అంచున పెడితే పొగ వెనక్కి కొట్టుకుపోవాలి. పోతుంది, కానీ మొత్తం కాదు. క్యాబిన్ దాటిన గాలి దాని వెనక సుడి తిరిగి, పొగను తెరిచి ఉన్న తలుపులోకే మళ్లీ ఈడుస్తుంది. మమ్మల్ని ముంచింది అదీ, ఆ టార్పాలినూ. సైలెన్సర్ మూతి నీళ్ల వైపు పెట్టి, వెనక తలుపు, పక్క కిటికీలు మూసి, ముందు హ్యాచ్ తెరిచి ఉంచండి. లోపలికి వచ్చేది ఎదుటి గాలే కావాలి. ముందు డెక్ మీద పెడదామన్న ఆలోచన వద్దు, బోటు పొడవునా ప్రతి సందులోకీ పొగ దూరుతుంది. జెట్టీకి కట్టి ఉన్నప్పుడు గాలి ఎటు నుంచైనా వస్తుంది, అప్పుడు దిక్కు చూసి, కుదరకపోతే ఆపేయడమే. పక్కన ఇంకో బోటు కట్టుకుని ఉంటే మీ పొగ వాళ్ల పడకగదిలోకి, వాళ్లది మీ పడకగదిలోకి. క్యాబిన్‌లో, ఇంజను గదిలో, సామాను లాకరులో నడపడం గురించి రాయడమే లేదు, ఆ పని మీరు చేయరు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట ఒకటి, కూర్చునే చోట ఒకటి. బోట్లకి, కారవాన్లకి పనికొచ్చేవి ఈఎన్ 50291-2 అని గుర్తు ఉన్నవి, అవే తీసుకోండి. ఈ మధ్య కొన్ని జనరేటర్లకే సెన్సర్ పెట్టి, గ్యాసు పెరిగితే ఆగిపోయేలా చేస్తున్నారు. మంచిదే, కానీ అది జనరేటర్ దగ్గరి గాలిని చూస్తుంది, నీ దిండు దగ్గరి గాలిని కాదు. అలారం మోగితే "బ్యాటరీ అయిపోయిందేమో" అని కుర్చీ వేసుకుని దాన్ని విప్పుతూ కూర్చోకండి. ముందు ఇద్దరూ డెక్ మీదకు రండి. జనరేటర్ ఆపడం, వెతకడం తర్వాత.

ఇక ఆపేశాక ఎక్కడ పెట్టాలన్నది, దీని దగ్గరే అందరూ ఇరుక్కుంటారు. దొంగల భయం ఉంటే లోపల పెట్టాలి. పెట్రోలు భయం ఉంటే బయట పెట్టాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. ఇంట్లో అయితే గుమ్మం కిందనుంచి పోతుంది, బోటుకి అడుగున గుమ్మం లేదు. ఆవిరంతా బిల్జ్‌లోకి, అంటే నీళ్లు చేరే బోటు అట్టడుగుకి, దిగి అక్కడే కూర్చుంటుంది, గాలిలో ఒకటిన్నర శాతం చేరితే చాలు అంటుకోవడానికి. బిల్జ్ పంపు స్విచ్ పడితే వచ్చే చిన్న నిప్పురవ్వ సరిపోతుంది. మీ ఇంజను డీజిల్‌ది కాబట్టి ఆ బోటు ఈ సంగతి ఎప్పుడూ ఎరగదు. దాన్లోకి పెట్రోలు మొదటిసారి తెచ్చేది మీరే. దొంగ తీసుకుపోతే పోయేది ఒక జనరేటర్. నేనైతే బయటే పెడతాను.

బయట అంటే, డెక్ మీదనుంచి మాత్రమే తెరుచుకుని, అడుగు కన్నం నేరుగా నీళ్లలోకి ఉన్న లాకరు ఉంటే అదే మేలు. గ్యాసు సిలిండర్ లాకరులో మాత్రం కలపకండి. లాకరు లేకపోతే డెక్ మీదే కట్టాలి. నీళ్ల మీద వస్తువుని కట్టడమంటే కిందకి నొక్కడం ఒక్కటే కాదు, పక్కకి జారకుండా కూడా. దాని రబ్బరు కాళ్లు దిగేలా నాలుగు గుంటలు తొలిచిన దళసరి ప్లైవుడ్ పలక చేయించి డెక్‌కి బిగించండి. మీద రెండు పట్టీలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. రాచెట్ పట్టీ మరీ బిగిస్తే ప్లాస్టిక్ తొడుగు పగులుతుంది, బిగువు ఆ పలక పీల్చుకోవాలి గాని తొడుగు కాదు. పక్కనుంచి లాంచీ ఒకటి జోరుగా పోతే ఆ అలకి, కట్టని జనరేటర్ నీళ్లలో పడడం నేను చూశాను. దాని యజమాని చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది, పాపం. నడుస్తున్నప్పుడు కూడా అదిరిపోతూ జరుగుతుంది కాబట్టి ఆ గుంటల్లోనే ఉంచి నడపాలి. కవర్ తొడిగేది చల్లారాకే. ఎప్పుడూ నిలువుగానే ఉంచండి, పక్కకి పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లోకీ ఎయిర్ ఫిల్టర్లోకీ పాకుతుంది. ట్యాంకు మూత మీద గాలి కన్నం మీట ఉంటే అది మూసేయాలి.

దొంగల విషయానికి తాళం కంటే తాళం దేనికి వేశాం అన్నది ముఖ్యం. ఇన్వర్టర్ జనరేటర్ల చేతిపిడి చాలా వాటికి ప్లాస్టిక్‌దే, రంపం బ్లేడుతో రెండు నిమిషాల పని. పిడి చుట్టూ గొలుసు వేసి నిశ్చింతగా పడుకునేవాళ్లని చూసి నవ్వుకునేవాణ్ణి. లోపలి లోహపు భాగానికి తగిలేలా, లేదా అడుగు పలకకే స్టీలు పట్టీ వేయించి, దానికి గొలుసు వేయాలి. రెండో కొస పక్క రెయిలింగుకి కాదు, డెక్ గుండా బోల్టు దిగిన క్లీట్‌కి, అదే తాళ్లు కట్టే కొమ్ముకి. ఇంజను నంబరు, ఫ్రేము నంబరు ఫొటో తీసి నాకూ పంపు. కవర్ ముదురు రంగుది, మాసినది అయితే ఇంకా మంచిది.

పెట్రోలు క్యాన్ నింపేది ఒడ్డు మీద, నేల మీద పెట్టి. జనరేటర్లో పోసేది పూర్తిగా చల్లారాక, వీలైతే ఒడ్డున. క్యాన్ కూడా లోపలికి రాకూడదు. నెల రోజులు వాడబోమంటే కార్బ్యురేటర్ ఖాళీ చేసేయండి, నిలవ పెట్రోలు జిగురై లోపలి జెట్ అనే సన్న కన్నం మూసుకుపోతుంది. జనరేటర్లు చెడిపోయాయని వచ్చేవాటిలో సగం ఈ కేసులే, నా చేతుల మీదుగా వెళ్లినవి. ఆయిల్ మొదటి 20 గంటలకి మార్చాలి, తర్వాత 100 గంటలకోసారి. పట్టేదే అర లీటరు లోపు కాబట్టి రోజూ చూసినా తప్పులేదు. బోటు బాగా ఊగితే ఆయిల్ తక్కువైందనుకుని దానంతట అదే ఆగిపోతుంది, కంగారు పడకండి.

వైరింగ్ మీరు ముట్టుకోకండి. ఒడ్డు కరెంటు, జనరేటర్, బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఈ మూడింటిలో ఒకసారి ఒక్కటే బోటులోకి వచ్చేలా చేంజోవర్ స్విచ్ పెట్టించాలి. ఈ చిన్న జనరేటర్లలో న్యూట్రల్ దేనికీ కలిసి ఉండదు, అలాంటప్పుడు షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ట్రిప్ కాకపోవచ్చు. న్యూట్రల్‌ని ఎర్త్‌తో ఎక్కడ కలపాలో బోటు పనులు తెలిసిన ఎలక్ట్రీషియన్ చూడాలి. ఇంటి ఎలక్ట్రీషియన్ కాదు.

కొనడానికి వెళ్లేముందు ఒక పని చేయండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ నిండా నింపు. బరువు దాదాపు ఆ చిన్న జనరేటర్ అంత ఉంటుంది. దాన్ని డింగీలోంచి, అంటే ఒడ్డుకి వెళ్లొచ్చే చిన్న పడవలోంచి, డెక్ మీదకి, డెక్ మీదనుంచి వెనక అంచుకి, మళ్లీ డింగీలోకి, రెండుసార్లు మోసి చూడండి, కాస్త అల ఉన్న పూట. వెనక అంచున అది ఆనిన చోటు కొలత తీసి ఫొటోతో సహా పంపు. పలక గీత గీసి పెడతాను.

నాన్న