సెన్సర్ అడాప్టర్ తప్పు కొలతపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: ఎయిర్ ఇంటేక్ సామానులోని సెన్సర్ అడాప్టర్ లోపలి కొలత ప్యాకెట్ మీద రాసినట్టు లేకపోవడం, దానిపై మీరిచ్చిన జవాబు.

అయ్యా,

మీ కంపెనీ విడివిడిగా అమ్మే అల్యూమినియం పైపు, కోన్ ఫిల్టర్, సిలికాన్ హోస్‌లు, క్లాంపులు, ఎయిర్‌ఫ్లో సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) కూర్చునే అడాప్టర్ కొని, నా పెట్రోల్ కారుకు షార్ట్ ర్యామ్ ఇంటేక్ (ఇంజిన్‌కు గాలి అందించే పొట్టి పైపు, దాని చివర ఫిల్టర్) ఇంట్లోనే తయారు చేసి బిగించుకున్నాను. కారుతో పాటు వచ్చిన ఎయిర్ బాక్స్‌లో సెన్సర్ ఉండే గొట్టం లోపలి వ్యాసం 70 మి.మీ. అందుకే ప్యాకెట్ మీద 70 మి.మీ. అని ఉన్న అడాప్టర్‌నే ఎంచుకున్నాను. మీరు పంపినది 76 మి.మీ. ఉంది.

నా మొదటి ఫిర్యాదుకు "కారులో సొంతంగా చేసుకున్న మార్పులకు కంపెనీ బాధ్యత వహించదు" అని జవాబిచ్చారు. పైపు కోసింది నేనే, బ్రాకెట్ వంచింది నేనే, బిగించింది నేనే. ఆ పనిలో లోపం ఉంటే మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగను. కానీ ప్యాకెట్ మీద 70 అని అచ్చు వేసింది మీరు. ఇంట్లో పని చేసుకునేవాళ్ల దగ్గర గాలి ప్రవాహాన్ని కొలిచే యంత్రాలు ఉండవు. మీరు రాసిన అంకెను నమ్మే మిగతా లెక్కంతా వేసుకుంటాం.

ఫోన్‌లో మాట్లాడిన మీ ప్రతినిధి "ఆరు మిల్లీమీటర్లే కదండీ, సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, దయచేసి మీ టెక్నికల్ టీమ్‌కు చూపించండి. ఈ సెన్సర్ గొట్టంలో వెళ్లే గాలి మొత్తాన్నీ కొలవదు. వేడెక్కిన తీగ మీదుగా పోయే కొద్దిపాటి గాలిని గమనించి, గొట్టం ఫలానా సైజులో ఉందన్న లెక్కతో మొత్తం ఎంతో ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతుంది. వ్యాసం 70 నుంచి 76కు పెరిగితే గాలి పోయే జాగా సుమారు 18 శాతం పెరుగుతుంది. అంతే గాలి వెడల్పు దారిలో నెమ్మదిగా పోతుంది, దాంతో సెన్సర్ అసలుకన్నా దాదాపు 15 శాతం తక్కువ చూపిస్తుంది. కంప్యూటర్ ఆ తక్కువ లెక్కకే పెట్రోల్ పోస్తుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కొంత సరిచేసుకుంటుంది కానీ దానికీ ఒక హద్దు ఉంది. ఇంజిన్ మీద భారం పడ్డప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మిక్స్చర్ లీన్‌గా, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా ఉంటే ఇంజిన్ నాక్ చేస్తుంది (లోపల మంట అదుపు తప్పి టకటక శబ్దం వస్తుంది), అది ముదిరితే పిస్టన్లకే ముప్పు.

నా కారులో జరిగింది ఇదే. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణికేది, మూడో గేర్‌లో తొక్కితే పికప్ ఒక్క క్షణం చచ్చిపోయి తర్వాత ఎగిరేది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే పి0171, అంటే మిక్స్చర్ లీన్ అన్న కోడ్. ఎక్కడో గాలి లీకవుతోందేమోనని ప్రతి క్లాంపూ విప్పి బిగించాను. బ్రీదర్ హోస్ కలిపిన చోట రబ్బరు పగిలిందేమో చూశాను. ఇంజిన్ ఆన్‌లో ఉంచి అతుకుల చుట్టూ క్లీనర్ స్ప్రే కొట్టి, శబ్దం మారుతుందేమో విన్నాను. ఏమీ దొరకలేదు. చివరికి అడాప్టర్ ఊడదీసి వెర్నియర్ కాలిపర్ లోపల పెట్టాను. రెండు వైపులా, అడ్డంగా నిలువుగా, ఎటు తిప్పి చూసినా 76. పాత ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టాక కోడ్ మళ్లీ రాలేదు, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత సరిచేస్తోందో చూపే శాతం) సున్నా దగ్గరికి వచ్చేసింది. లోపం అడాప్టర్‌దేనని చెప్పడానికి ఇంకేం కావాలి? కాలిపర్ రీడింగ్ కనిపించేలా తీసిన ఫొటోలు, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబర్, స్కానర్ రీడింగులు ఈ లేఖతో జతచేశాను.

ఫిల్టర్ గురించి కూడా ఒక మాట. కొత్త ప్యాకెట్ విప్పగానే లోపలి జాలీ మీద నూనె చుక్కలుగా నిలబడి ఉంది. ఇంత నూనె గాలితో కొట్టుకొచ్చి సెన్సర్ తీగకు పట్టుకుంటే రీడింగే తప్పుతుంది. నేను తుడిచి, ఆరబెట్టి వాడాను. అందరికీ ఆ సంగతి తెలియకపోవచ్చు, ప్యాకెట్ మీద హెచ్చరిక కూడా లేదు.

అలాగే మీ బాక్స్ మీద "చల్లని గాలి, ఎక్కువ పవర్" అన్న ప్రకటన తీసేయండి. షార్ట్ ర్యామ్‌లో ఫిల్టర్ బోనెట్ కిందే ఉంటుంది, పీల్చేది ఇంజిన్ పక్కనున్న వేడి గాలినే. గాలి సుమారు 3 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. ట్రాఫిక్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. నాకు ఆ విషయం తెలుసు కాబట్టి రేకుతో హీట్ షీల్డ్ చేసుకున్నాను. శబ్దం బాగుంటుంది, ఫిల్టర్ తీసి పెట్టడం తేలిక. ఉన్నవి ఇవే రాయండి, చాలు.

నేను కోరేవి: అడాప్టర్‌కు, ఫిల్టర్‌కు కట్టిన డబ్బు వాపసు చేయాలి. 76 మి.మీ. ముక్కలు 70 పేరుతో ఇంకెన్ని బయటికి వెళ్లాయో చూసి, అదే బ్యాచ్ కొన్నవాళ్లందరికీ మీరే కబురు చేయాలి. ఇందులో ఇదే నాకు ముఖ్యం. అందరి దగ్గరా కాలిపర్, స్కానర్ ఉండవు. లైట్ వెలిగినా పట్టించుకోకుండా అలాగే నడిపేవాళ్లు ఉంటారు, వాళ్ల ఇంజిన్లు పాడవక ముందే చెప్పండి. అంతవరకు ఆ బ్యాచ్ అమ్మకం ఆపండి.

అడాప్టర్ నా దగ్గరే భద్రంగా ఉంది. పరీక్షకు కావాలంటే రసీదు ఇచ్చి తీసుకెళ్లవచ్చు. జవాబు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు