సీ-17 పాఠానికి సాయపడిన పెద్దాయనకు కృతజ్ఞతలు

బెంగళూరు యలహంకలోని మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు తెలుగు నేర్చుకునే పిల్లలకు, ఏరో ఇండియా విమాన ప్రదర్శన రోజుల్లో వారు మిద్దెల మీద నుంచి చూసిన వాయుసేన భారీ రవాణా విమానం సీ-17 గ్లోబ్‌మాస్టర్ గురించి పాఠం చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోగలిగానంటే, వాయుసేనలో లోడ్‌మాస్టర్‌గా, అంటే విమానంలో సరుకు ఎక్కించి సర్దించే బాధ్యతలో పనిచేసి ఇప్పుడు జాలహళ్ళిలో స్థిరపడిన ఒక తెలుగు పెద్దాయన వల్లనే. పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు.

నేను రాసుకున్న పాఠాన్ని ఆయన ఎర్ర పెన్సిలు పట్టుకొని అక్షరం విడవకుండా చదివారు. విమానం దిగాక ఇంజన్లు వెనక్కి తిరుగుతాయన్న నా వాక్యాన్ని కొట్టివేసి, ఇంజన్ ఎక్కడికీ తిరగదని, అది వదిలే గాలినే ముందుకూ పైకీ మళ్లిస్తారని, అందువల్లనే మట్టి రన్‌వే మీద కూడా దుమ్ము అంతగా లేవదని, అదే ఏర్పాటుతో అంతటి విమానం నేల మీద తనంతట తానే వెనక్కి నడవగలదని ఓపికగా వివరించారు. 2013 జూన్‌లో మన వాయుసేన మొదటి సీ-17 ఢిల్లీ దగ్గరి హిండన్ వైమానిక స్థావరం చేరడం, 2019లో పదకొండవది రావడం వంటి వివరాలనూ సరిచూశారు.

నాకు బాగా మనసుకు పట్టింది బరువు పాఠం. దాదాపు 77 టన్నులు మోస్తుందని నేను గొప్పగా చెప్పబోతే, "ఎంత బరువన్నది తరువాత బాబూ, ఎక్కడ పెట్టామన్నది ముందు" అన్నారు. పెన్సిలు మీద చెక్క స్కేలును నిలిపి, చింతపిక్కలు ఒక్కొక్కటే పేర్చి, ఒక్క పిక్క అంగుళం జరిగితే స్కేలు ఎలా ఒరుగుతుందో చూపించారు. ఇద్దరు పైలట్లు, ఒక్క లోడ్‌మాస్టర్‌తో నడిచే ఆ విమానంలో ఈ లెక్క ఆయనదే. సరుకును కట్టే గొలుసులు బిగించాక ప్రతి దాన్నీ చేత్తో లాగి చూడనిదే, సరుకు ఎక్కించే వెనుక వాలు తలుపును, అంటే ర్యాంపును మూయనిచ్చేవారు కాదట.

ఆదివారం నాడు ఆయనే బేస్‌మెంట్‌లో టేపు పట్టుకొని, ర్యాంపుతో కలిపి సుమారు 27 మీటర్ల పొడవు, అయిదున్నర మీటర్ల వెడల్పున సరుకు గదిని ముగ్గుపిండితో గీయించారు. ఆ గీత పది కార్ల గళ్లను దాటిపోయింది. 102 మంది పారాట్రూపర్లు (పారాచూట్‌తో దూకే సైనికులు) ఇందులో కూర్చుంటారని చెబితే, పిల్లలు గోడల వెంట వరుసగా కూర్చొని, "తాతగారూ, మధ్యలో ఇంకా చాలా చోటుంది" అని అరిచారు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించిన సంతోషాన్ని నేను మరువలేను.

రెండు ఆదివారాలు మా కోసం వెచ్చించిన ఆ పెద్దాయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ముగ్గుపిండి డబ్బా మొత్తం ఇచ్చేసిన మూడో అంతస్తు అక్కగారికి, పొద్దున్నే తమ కార్లను వీధిలోకి తీసి చోటిచ్చిన ఇరుగుపొరుగు వారందరికీ పిల్లల తరఫున కృతజ్ఞతలు.