ఆకు ఫొటో ఒక్కటే వేయకండి

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడి పదిహేను రోజులు కాకముందే పెరట్లో, డాబా మీది కుండీల్లో ఎవరూ వేయని మొక్కలు లేస్తాయి. సరిగ్గా అప్పుడే పత్రికల అనుబంధాల్లోనూ, వాట్సాప్‌లోనూ "ఈ ఆకు కనిపిస్తే వదలకండి" అనే వ్యాసాలు మొదలవుతాయి. ఒక ఆకు ఫొటో, ఒక తెలుగు పేరు, కింద అది తగ్గించే జబ్బుల జాబితా. మొక్కను గుర్తుపట్టడానికి ఇది చాలదు. ఎందుకు చాలదో గలిజేరును చూస్తే తెలుస్తుంది.

గలిజేరు పేరుతో కనీసం రెండు మొక్కలు చలామణీలో ఉన్నాయి. ఒకటి అంబటిమాడు, శాస్త్రనామం ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్. రెండోది అటికమామిడి, అంటే పునర్నవ, బోయెర్హావియా డిఫ్యూసా. తెల్లది, ఎర్రది అని విడదీస్తారు గానీ ఏది తెల్లదో ఊరికో తీరు. రెండూ నేల మీద పరుచుకుంటాయి. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఫోన్‌లోని యాప్ ఆకు ఫొటో చూసి పొరబడేది ఇక్కడే. మొక్కను చేతిలోకి తీసుకుంటే మాత్రం తికమక ఉండదు. అంబటిమాడు కాడ కండగా ఉంటుంది. ఆకు తొడిమ అడుగున పల్చటి పొరలా వెడల్పై కాడను పట్టుకుని ఉంటుంది, పూవు ఆ పొరలోనే సగం దాగి ఉంటుంది. అటికమామిడి పూలు ముదురు గులాబీ రంగులో, బాగా చిన్నవిగా, సన్నటి పొడుగాటి రెమ్మల చివర గుత్తులుగా వస్తాయి. దాని కాయ జిగురు. పక్కనుంచి నడిస్తే చీర అంచుకు అంటుకుని వస్తుంది. పీకబోతే తల్లివేరు లావుగా, లోతుగా దిగి ఉంటుంది, ఓ పట్టాన రాదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, గలిజేరును కిడ్నీలకు మంచిదని విని తినేవాళ్లే ఎక్కువ. అంబటిమాడులో రాళ్లు కట్టించే ఆక్సలేట్ లవణాలు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు తినకూడనిదే అది. తెలంగాణలో గంగవాయిల కూర, కోస్తాలో పాయలకూర అనే ఆకుకూరకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. పాయలకూర పక్కనే, అదే ఎర్రటి కాడతో నానబాలు జాతి మొక్కలు నేలను అంటుకుని పెరుగుతాయి. గిల్లి చూడండి. నానబాలుకు తెల్లటి పాలు వస్తాయి, పాయలకూరకు నీరు తప్ప ఏమీ రాదు. పాలు కారే మొక్కను తెంచిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. జిల్లేడు పాలు కంటి నల్లగుడ్డును దెబ్బతీస్తాయి.

తెలియని మొక్క కనిపిస్తే రుచి చూడొద్దు. పూత వచ్చేదాకా ఆగండి, చాలా కలుపు మొక్కలు నెల, నెలన్నరలో పూస్తాయి. లేత మొక్క ఆకు ముదురు మొక్క ఆకులా ఉండకపోవచ్చు, పూవు మాత్రం మోసం చేయదు. ఆగకూడనిది వయ్యారిభామ ఒక్కటే. దాని మొలక నేలకు అతుక్కుని అచ్చం చామంతి నారులా ఉంటుంది. పూవు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేరుతో పీకేయాలి. పూసిందంటే ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది, ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు.

ఫొటో తీసేటప్పుడు మొక్క మొత్తం ఒకటి, ఆకు కాడకు అతుక్కున్న చోటు ఒకటి, ఆకు అడుగు భాగం ఒకటి, పూవు ఎదురుగా, పక్కనుంచి, కాయను అడ్డంగా కోసి ఒకటి తీయాలి. వెనక తెల్ల కాగితం, పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. ఫొటోకు అందనివి రాసుకోండి: పాలు వచ్చాయా, నలిపితే ఏ వాసన, ఆకు ఎండకు ఎత్తి పట్టుకుంటే ఏం కనిపిస్తోంది. కరివేపాకు, నిమ్మ, మారేడు ఒకే కుటుంబం. వీటి ఆకులను వెలుగుకు పెడితే సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి, అవి నూనె గ్రంథులు. మారేడు అనుకుని కోసే ఉలిమిరికీ మూడాకులే, కానీ చుక్కలుండవు, కొమ్మకు ముళ్లూ ఉండవు.

పొన్నగంటి కూర విషయంలో పూగుత్తి చూస్తే చాలు. అసలుదానికి తెల్లటి పూగుత్తి కణుపు దగ్గరే కాడ లేకుండా అతుక్కుని ఉంటుంది. మురుగు కాలువల్లో పెరిగే దక్షిణ అమెరికా కలుపుకు అదే గుత్తి పొడుగాటి కాడ మీద ఉంటుంది, దాని కాండం లోపల బోలు.

నర్సరీ నుంచి వచ్చే అలంకరణ మొక్కలది మరో ప్రమాదం. చేమాకుకు తొడిమ ఆకు అంచుకు కాక, కాస్త లోపలికి, అడుగున అతుక్కుంటుందన్నది మంచి గుర్తే. కానీ రంగు మచ్చల కలేడియంకూ అంతే, లేత అలొకేషియాకూ అంతే. డిఫెన్‌బాకియాతో సహా ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. కొరికితే నాలుక, గొంతు మండి వాచిపోతాయి. చేమను కూడా బాగా ఉడికించి, చింతపండు వేసి వండేది అందుకే. పిల్లలు కొరికితే వాంతి చేయించకండి. నోట్లో ముక్కలు తీసేసి, చల్లటి నీళ్లతో కడిగి, మింగడం కష్టంగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ మొక్క కొమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టరుకు పేరు కన్నా అదే ఉపయోగం.

ఎంతకూ తేలని మొక్కను పూవు, కాయ ఉన్న జానెడున్నర కొమ్మగా కోసి, చిన్న మొక్కయితే వేరుతో సహా తీసి, పాత పత్రికల మధ్య పరిచి పైన బరువు పెట్టండి. వానాకాలంలో మొదటి మూడు, నాలుగు రోజులు కాగితాలు రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. దొరికిన ఊరు, తేదీ, పూవు రంగు రాసిపెట్టుకుని, ఎండాక దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో చూపించవచ్చు. ఎండితే రంగు పోతుంది కాబట్టి కోసిన రోజే రాయాలి.

ఇక మీకు మా విన్నపం. 1780ల్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించినప్పుడు పూవును, కాయను విడదీసి చూపించారు, మొక్కలకు తెలుగు పేర్లూ నమోదు చేశారు. ఇప్పుడు పత్రికల్లో ఆకు ఒక్కటే వస్తోంది. మొక్క మీద వ్యాసం వేసిన ప్రతిసారీ పూవు, కాయ ఫొటోలు, తెలుగు లిపిలో శాస్త్రనామం, రెండు రాష్ట్రాల్లోని వాడుక పేర్లు, దాన్ని పోలిన మొక్క ఏదో ఒక్క వాక్యం ఇవ్వండి. నాలుగు అంగుళాల జాగా సరిపోతుంది. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రుల బొమ్మలు వేసేటప్పుడు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు పక్కన "విషం, పిల్లలతో కోయించవద్దు" అని పెద్ద అక్షరాల్లో వేయండి.

— వృక్షశాస్త్ర అధ్యాపకులు, తూర్పుగోదావరి జిల్లా