ఉత్తరం మీద తేదీ తనంతట తాను మారకూడదు

సంపాదకులకు నమస్కారం.

నేను 26 ఏళ్లు టైపింగ్ నేర్పి రిటైరయ్యాను. మొదట టైప్ మిషన్ల మీద, తర్వాత కంప్యూటర్ల మీద. ఆఫీసుకు ఉత్తరం ఎలా రాయాలో ఎంతోమంది చేత కొట్టించి, దిద్ది, మళ్లీ కొట్టించినదాన్ని. అలాంటి నా ఉత్తరమే పోయిన ఏడాది ఒక ఆఫీసులో చెల్లలేదు. నాలాగా ఇంకొకరు ఇబ్బంది పడకూడదని ఇది రాస్తున్నాను.

ఒక సంస్థలో నా ఖాతాకు ఇంటిపేరు తప్పు పడింది. సరిచేయమని కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఉత్తరం రాసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి ఇచ్చి వచ్చాను. నకలు మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోలేదు, అది నా పొరపాటే. నాలుగు నెలలైనా పేరు మారలేదు. వెళ్లి అడిగితే మీ ఉత్తరం కనబడటం లేదు, నకలు తెండి అన్నారు. ఇంటికొచ్చి ఫైలు తెరిచి ఇంకో ప్రింటు తీసుకుని వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కాగితం చూసి, "ఇది ఇవాళ రాసినది కదమ్మా" అన్నారు. నేనూ చూశాను. నిజంగానే పైన ఆ రోజు తేదీ ఉంది.

జరిగింది ఏమిటంటే, ఉత్తరం రాసేటప్పుడు తేదీని నేను టైప్ చేయలేదు. ఇన్సర్ట్‌లోకి వెళ్లి 'డేట్ అండ్ టైమ్' నొక్కి, జాబితాలోంచి ఒక తేదీ ఎంచుకున్నాను. ఆ పెట్టె అడుగున 'అప్‌డేట్ ఆటోమేటికల్లీ' అనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు ఉన్నట్టు నేను గమనించలేదు. ఆ టిక్కు ఉంటే, ఫైలు ఎప్పుడు తెరిస్తే అప్పటి తేదీ వచ్చి కూర్చుంటుంది. పోనీ ఫైలు ఎప్పుడు సేవ్ అయిందో చూపిద్దామా అంటే, ప్రింటు తీసే ముందు ఒక అక్షరదోషం కనబడి దిద్ది సేవ్ కొట్టాను. ఆ ఆధారం కూడా చెరిగిపోయింది. నాలుగు నెలలు లెక్కలోకి రాకుండా మళ్లీ మొదటి నుంచి అర్జీ పెట్టుకున్నాను.

ఒక మనిషి తన సొంత పని మీద ఆఫీసుకు రాసే ఉత్తరంలో తేదీయే ప్రాణం. ఎప్పుడు అడిగాం, వాళ్లు ఎన్నాళ్లు ఊరుకున్నారు, గడువులోపలే రాశామా, అన్నీ దాని మీదే తేలతాయి. అందుకే తేదీని చేత్తో టైప్ చేయండి. ఆల్ట్, షిఫ్ట్, డి మీటలు కలిపి నొక్కితే తేదీ పడుతుందని చాలామంది పిల్లలకు తెలుసు. అది కూడా మారిపోయే తేదీయే. పాత ఉత్తరాల్లో ఏది ఎలాంటిదో తెలియాలంటే తేదీ మీద ఒకసారి క్లిక్ చేయండి. దాని వెనక బూడిదరంగు పట్టీ కనిపిస్తే అది నిలకడ లేని తేదీ అని అనుమానించాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే మామూలు అక్షరాలుగా మారి స్థిరపడుతుంది. కాకపోతే తెరిచేసరికే కొత్త తేదీ వచ్చి ఉంటుంది కాబట్టి, ముందు అసలు తేదీ ఏదో గుర్తు తెచ్చుకుని దిద్దాలి.

ఇదంతా అయ్యాక నాకు తెలిసినవాళ్లు రాసే ఉత్తరాలు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ చదివాడు, కంప్యూటర్ మీదే ఉద్యోగం. రద్దు చేసుకున్న పాలసీ డబ్బు రావాల్సి ఉందని ఒక కంపెనీకి రాసి, "పిన్నీ, ఒకసారి చూడవా" అని పంపాడు. వాడి దగ్గర బాగానే ఉన్న ఉత్తరం నా కంప్యూటర్‌లో తెరిస్తే, కుడివైపు ఉండాల్సిన తేదీలో సగం కింది వరుసలోకి జారింది. హోమ్‌లో పేరా గుర్తు మీట ఉంటుంది, నొక్కితే దాగి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి. స్పేస్ కొట్టిన ప్రతిచోటా ఒక చుక్క, ట్యాబ్ కొట్టినచోట బాణం, ఎంటర్ కొట్టినచోట పేరా గుర్తు. నొక్కి చూస్తే తేదీ ముందు వరసగా చుక్కలే. స్పేస్ బార్ మీద వేలు పెట్టి కుడివైపు దాకా తోసుకుంటూ వెళ్లాడు.

ఈ అలవాటు ఒకప్పుడు తప్పు కాదు, మేమే నేర్పాం. పైకా టైప్ మిషన్‌లో అంగుళానికి 10 అక్షరాలు పడతాయి. ఏ4 కాగితం వెడల్పుకు 82, అందులో సగం 41. ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు కాబట్టి స్పేసులు లెక్కపెట్టుకుని వెళితే గీత గీసినట్టు వచ్చేది. కంప్యూటర్ ఫాంట్లలో చాలావాటికి అక్షరానికో వెడల్పు. అవతలివాళ్ల దగ్గర మన ఫాంట్ లేకపోతే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, లెక్కంతా చెదురుతుంది.

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా సులువు, అంతా ఎడమవైపే మొదలుపెట్టడం. మన చిరునామా, దాని కింద తేదీ, కాస్త ఎడంగా ఎవరికి రాస్తున్నామో వాళ్ల హోదా, చిరునామా, సంబోధన, విషయం, చివర పేరు, అన్నీ ఒకే అంచున. తేదీ, చివర పేరు కుడివైపు ఉంటేనే బాగుంటుందనుకునేవాళ్లు పేజీకి పైన కనిపించే రూలర్, అంటే కొలబద్ద మీద ఒక ట్యాబ్ గుర్తు పెట్టుకోవాలి. ఏ4 కాగితానికి రెండు పక్కలా 2.54 సెంటీమీటర్ల మార్జిన్ వదిలితే రాసే చోటు దాదాపు 16 సెంటీమీటర్లు. 8 దగ్గర ట్యాబ్ పెట్టి, ఆ వరుసల్లో ఒక్కసారి ట్యాబ్ మీట నొక్కితే చాలు. ఫాంట్ మారినా అవి అక్కడే నిలబడతాయి.

చిరునామా వరుసల మధ్య ఖాళీలు ఎందుకొస్తున్నాయని చాలామంది అడుగుతారు. 2007 వర్డ్ నుంచి ప్రతి పేరా తర్వాత కొంత ఖాళీ దానంతట అదే పడుతుంది. ఆ వర్డ్‌లో 10 పాయింట్లు, 2013 దాంట్లో 8. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. చిరునామాలో ప్రతి వరుసకూ ఎంటర్ కొడితే ప్రతి వరుసా ఒక పేరా అవుతుంది, అందుకే చెల్లాచెదురుగా కనిపిస్తుంది. అక్కడ షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. వరుస మారుతుంది, పేరా మారదు. సంతకానికి చోటు వదలడానికి కూడా నాలుగైదు ఎంటర్లు కొట్టనక్కర్లేదు. పేరు ఉన్న పేరాకు పైన 36 పాయింట్ల ఖాళీ ఇవ్వండి. అరంగుళం వస్తుంది. పెద్ద సంతకం చేసేవాళ్లు 48 ఇచ్చుకోవచ్చు.

ఉత్తరం రెండో పేజీకి వెళ్లి అక్కడ సంతకం ఒక్కటే మిగిలితే, కొందరు అక్షరాలు 9 పాయింట్లకు కుదించి ఒకే పేజీలో ఇరికిస్తారు. కళ్లజోడు పెట్టుకుని చదివేవాళ్లను తలుచుకోండి. చివరి పేరాకు, ముగింపు మాటకు 'కీప్ విత్ నెక్స్ట్', అంటే తర్వాతి పేరాను విడిచిపోవద్దనే ఏర్పాటు, పెడితే సంతకంతో పాటు కొంత విషయం కూడా కలిసి వెళుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో రెండు మాటలు చెప్పాలి, ఇవి నాకు చాలా ముఖ్యం. వరుసల మధ్య ఎడం 'ఎగ్జాక్ట్‌లీ', అంటే సరిగ్గా ఇంతే, అని పెట్టి తక్కువ అంకె ఇస్తే ఇంగ్లిష్‌కు సరిపోవచ్చు గానీ, మన అక్షరాలకు పైన గుడి, కింద ఒత్తు తెగిపోతాయి. 'క్ష్మి' లాంటి అక్షరం మొండెంలా మిగిలిన ఉత్తరాలు చూశాను. అక్కడ 'అట్ లీస్ట్', అంటే కనీసం ఇంత, అని పెట్టాలి. రెండోది, యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న ఒకే గుర్తింపు సంఖ్య ఉండే పద్ధతి. అది కాని పాత ఫాంట్లలో కొట్టిన ఉత్తరాన్ని, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అది చదివే ఓపిక ఎవరికీ ఉండదు, అర్జీ పక్కన పడుతుంది. యూనికోడ్‌లోనే రాయండి. ఈమెయిల్‌లో పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంట్ కూడా దాంతోనే వెళుతుంది. పంపిన పీడీఎఫ్‌నే మీ దగ్గరా దాచుకోండి. నేను ఆ పని చేసి ఉంటే నా పాత తేదీ నాకు దొరికేది.

కంప్యూటర్ తరగతుల్లో పట్టికలు, స్లైడ్లు, బొమ్మలు చక్కగా నేర్పుతున్నారు. ఒక మామూలు మనిషి తన పేరు సరిచేయమనో, తన డబ్బు తిరిగిమ్మనో రాసుకునే ఒక పేజీ ఉత్తరాన్ని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పడం లేదు. నేర్పేవాళ్లను వేడుకుంటున్నాను, మొదటి వారంలోనే ఆ ఒక్క ఉత్తరం చేయించండి. పిల్లల తెర మీద ఆ పేరా గుర్తులు కనబడేలా పెట్టించి, స్పేసులు ఎక్కడ పోగయ్యాయో వాళ్ల చేతే వెతికించండి.

మీకు ఒక విన్నపం. మీ చదువుల పేజీలో ఒక ఆదివారం అలాంటి నమూనా ఉత్తరం వేయగలరా? గుర్తులు కనబడుతున్న ఉత్తరం ఒకవైపు, ప్రింటు తీసిన ఉత్తరం ఇంకోవైపు. రెండూ నేనే తయారుచేసి పీడీఎఫ్‌లో పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపింగ్ ఉపాధ్యాయిని